గుంటూరు ఎండకి నిలిచే తోట: రెండు వేసవులు చూశాక ఈ టీమ్ గురించి నా మాట

మా ఇంటి తోట వేసిన టీమ్ గురించి ముందు సూటిగా చెప్తా. ఇంటి ముందు కార్పెట్ లాన్, గేటుకి అటూ ఇటూ బాటిల్ పామ్‌లు, గోడ వెంట సమానంగా కత్తిరించిన డురాంటా వరస కావాలంటే వీళ్లతో పని లేదు. ఆ పని మన ఊళ్లో చాలామంది చేస్తారు, ఇంకా తక్కువకే చేస్తారు. మన వానకి మొలిచి, మన ఎండకి ఎండి, ఏ నెలలో బయటికొచ్చినా చూడ్డానికి ఏదో ఒకటి ఉండే తోట కావాలనుకుంటే మాత్రం గుంటూరు, విజయవాడ మధ్య నేను మాట్లాడిన వాళ్లలో ఇంత ఆలోచించి చేసేవాళ్లు కనపడలేదు. నాలుగు స్టార్లు ఇస్తున్నా. అయిదోది ఎందుకు తగ్గించానో కింద వివరంగా రాశా, అది చదవకుండా మాత్రం మెయింటెనెన్స్ ఒప్పందానికి ఒప్పుకోకండి.

మాకు 2023 వానలకి వేశారు. రివ్యూ రాయమని అప్పుడే అడిగారు కానీ నేను ఆగాను. ఇలాంటి తోట నాటిన కొత్తలో చూస్తే ఏం తెలుస్తుంది, అన్నీ జానెడు మొక్కలు, మధ్యలో ఖాళీ మట్టి. వాన, తుఫాను, చలి, రోహిణి కార్తె అన్నీ మీదుగా పోయాక ఏం మిగిలిందో చూస్తేనే డబ్బు దండగైందా లేదా అనేది తేలేది.

మా ఇల్లు గోరంట్ల వైపు, అమరావతి రోడ్డుకి లోపలగా ఉంటుంది. అడుగున నల్లరేగడి, దాని మీద స్థలం అమ్మినవాళ్లు తోలించిన గ్రావెల్ మెరక. ఈ ఏరియాలో ఇల్లు కట్టుకున్న వాళ్లందరికీ ఇదే పరిస్థితి, మెరక గట్టిపడి వాన నీళ్లు పైన నిలబడిపోతాయి, కిందకి దిగితే నల్లమట్టి ఉబ్బి వేళ్లు కుళ్లిపోతాయి, ఎండాకాలం అదే మట్టి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. బోరు నీళ్లు ఉప్పు. బిల్డర్ వేసి ఇచ్చిన మెక్సికన్ లాన్‌కి రోజూ రెండు పూటలా నీళ్లు పెట్టినా ఏప్రిల్ వచ్చేసరికి మధ్యమధ్యలో బట్టతల పడేది. తోటకి ఉన్న జాగా ఇంటికి తూర్పున, ఉత్తరాన కలిపి రెండు సెంట్లకి కొంచెం ఎక్కువ.

ఈ టీమ్ నడిపే అమ్మాయి వెంకట్రామన్నగూడెంలో హార్టికల్చర్ చదివింది. మొదటిసారి వచ్చినప్పుడు ఫోన్‌లో ఫోటోలు చూపించి ఏది కావాలో ఎంచుకోమంటుందని మా ఆయన అనుకున్నారు. ఆమె ఫోన్ బయటికి తియ్యలేదు, ప్రశ్నలు మొదలుపెట్టింది. వాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, ఎన్నాళ్లకి ఇంకుతాయి, మధ్యాహ్నం మూడింటికి మేడ నీడ ఎక్కడిదాకా వస్తుంది, ఇంట్లో ఎవరు ఏ వేళప్పుడు బయట కూర్చుంటారు, పూజకి రోజూ ఎన్ని పూలు కావాలి. చివరగా ఒకటి అడిగింది: "ఆంటీ, మే నెలలో తోట ఎండిపోయినట్టు కనిపిస్తే మీరు భరించగలరా? భరించలేనంటే ఇప్పుడే చెప్పండి, మీకు లానే వేసిస్తాను, నేను బాధపడను." వ్యాపారం చేసుకునే మనిషి ఈ మాట ముందే అడగడం నాకు బాగా నచ్చింది. ఈ తోట మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉందని ఇప్పుడు అర్థమవుతోంది.

కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే ఈ పద్ధతి గురించి తెలీకుండా వీళ్లని పిలిస్తే గొడవలే. సహజంగా పెరిగినట్టు కనిపించే తోటలు ఇప్పుడు ప్రపంచమంతా వేస్తున్నారు. అందులో పెద్ద పేరు నెదర్లాండ్స్‌కి చెందిన పీట్ ఔడోల్ఫ్. షికాగోలో కార్ల పార్కింగ్ కప్పు మీద 2004లో తెరిచిన లూరీ గార్డెన్‌కి, న్యూయార్క్‌లో పాత గూడ్సు రైళ్ల వంతెన మీద ఉన్న హై లైన్‌కి మొక్కలు ఎంచి, ఎక్కడ ఏది నాటాలో గీసింది ఆయనే. హై లైన్ మీద 1980లో రైళ్లు ఆగిపోయాక గడ్డి, పూలమొక్కలు వాటంతటవే మొలిచి ఒక అడవి తయారైంది. 2009లో మొదటి భాగాన్ని జనానికి తెరిచినప్పుడు ఆ మొలిచిన తీరునే నమూనాగా తీసుకుని కొత్త మొక్కలు పెట్టారు. ఔడోల్ఫ్ పట్టుబట్టే విషయం ఏంటంటే పూల రంగు తర్వాత సంగతి, ముందు మొక్క ఆకారం చూడాలి. పూత అయిపోయాక గింజల కంకులు, ఎండిన కాడలు కూడా తోటలో భాగమే, వాటిని చలికాలమంతా అలాగే నిలబెట్టి, మంచు పడితే అందులో కూడా అందం చూసి, వసంతం మొదట్లో ఒక్కసారిగా కోసేస్తారు.

ఇది యూట్యూబ్‌లో చూసి మన దేశంలో వేసేవాళ్లు హైదరాబాద్‌లోనూ, బెంగళూరులోనూ ఉన్నారు. ఊదారంగు ఫౌంటెన్ గ్రాస్ తెచ్చి, దాని మధ్యలో బయటి దేశాల పూలు పెట్టి, రెండో ఏడాదికి అంతా పోయిందని అంటుంటారు. ఈ అమ్మాయి చేసిన తేడా అంతా క్యాలెండర్ దగ్గర ఉంది. అక్కడ మొక్క నిద్రపోయేది మంచులో. మనకి డిసెంబరు, జనవరి తోటకి మంచి రోజులు, నిద్రపోయేది ఏప్రిల్, మే నెలల్లో. కాబట్టి వాళ్లు మంచుకాలంలో చూసే ఎండు కాడల అందాన్ని మనం వేసవిలో చూడాలి, వాళ్లు వసంతంలో చేసే కోత మనం మృగశిరకి ముందు చెయ్యాలి. మాటగా చెప్పడం తేలికే, కానీ ఏ మొక్క పక్కన ఏది ఉండాలి, నీళ్లు ఎప్పుడు ఆపాలి, గింజ ఎప్పుడు చల్లాలి అన్నీ దీన్ని బట్టే మారిపోతాయి. వీళ్లు నాకిచ్చిన ప్లాన్ కాగితం మీద ఇంగ్లీషు నెలలకి పక్కనే కార్తెలు రాసి ఉన్నాయి. మా అత్తయ్య ఆ కాగితం చూశాకే మెత్తబడింది, అప్పటిదాకా "ఇంటి ముందు ఎవరైనా గడ్డి పెంచుతారా" అని ఒకటే గొడవ.

పని ఏప్రిల్ చివర్లో మొదలుపెట్టారు. లాన్ తీసేసి, మెరకని గునపాలతో వదులు చేసి, నీళ్లు పోసి వదిలేశారు. వారం తిరక్కుండా తుంగ మొలిచింది. దాన్ని గడ్డతో సహా ఆడవాళ్లు కూర్చుని తవ్వి తీశారు, మళ్లీ నీళ్లు పోశారు, మళ్లీ మొలిచింది, మళ్లీ తీశారు. మందు కొట్టొచ్చు కదా అని మా ఆయన అంటే, పై ఆకు మాడినా అడుగున గడ్డలు మిగిలితే వానలకి మళ్లీ మొదటికొస్తుందండీ అన్నారు. కూలీ ఖర్చు ఇక్కడే ఎక్కువైంది, కానీ తోట వేయించే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే, తుంగ తీయకుండా మొక్క పెట్టనివ్వద్దు.

ఎరువు విషయంలో ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం. ట్రాక్టరు పశువుల ఎరువు తోలిద్దామని మా ఆయన మాట్లాడి పెట్టుకున్నారు, ఆమె వద్దంది. బలమైన మట్టిలో ఇలాంటి మొక్కలు ఏపుగా మెత్తగా పెరిగి మొదటి గాలివానకే ఒరిగిపోతాయట, కలుపు కూడా పోటీగా పెరుగుతుంది. పేదమట్టిలో మొక్క పొట్టిగా, గట్టిగా నిలబడుతుంది. పూజ పూల వరసకీ కరివేపాకుకీ మాత్రం కొంచెం ఎరువు వేశారు. మిగతా చోట్ల మట్టిని అడుగు, అడుగున్నర ఎత్తున మిట్టలుగా పోసి, మిట్టల మధ్య పల్లంలో నీళ్లు పారి గేటు పక్కన ఇంకుడు గుంతలోకి పోయేలా వాలు పెట్టారు. పైన పేరేచర్ల కంకర చిప్స్ పల్చగా పరిచారు.

ఇక మొక్కలు. సగానికి సగం వట్టివేరు. చాలామందికి వట్టివేరు అంటే కూలర్ తడికెలు, కుండలో వేసే వేరు గుర్తొస్తాయి, మొక్కగా దాని అందం ఎవరూ పట్టించుకోరు. నిలువునా లేచి చివర వంగే ఆకు, ఛాతీ ఎత్తు పెరుగుతుంది, దుబ్బు ఉన్నచోటే ఉంటుంది, పక్కకి పాకదు, వేరు నిలువుగా చాలా లోతుకి దిగుతుంది. రెల్లు పెడదామని నేనడిగా, వినాయక చవితి దాటాక కృష్ణ ఒడ్డున తెల్లగా పూసే రెల్లంటే నాకు చిన్నప్పట్నుంచీ ప్రాణం. ఆమె ససేమిరా అంది, అది అడుగున పాకి రెండేళ్లలో తోటంతా మింగేస్తుంది, చూడాలనిపిస్తే సీతానగరం ఘాటుకెళ్లి చూసి రండి ఆంటీ అంది. వట్టివేరు దుబ్బుల మధ్య వదిలిన ఖాళీల్లో తంగేడు, వెంపలి, డిసెంబరు పూలు, ముళ్లగోరింట, గునుగు, నేలమీద విష్ణుక్రాంత. మూలలకి వావిలి, పారిజాతం. ఈశాన్యం గోడ దగ్గర పాతదొక తెల్ల జిల్లేడు ఉంటే దాన్ని తీయకుండా దాని చుట్టూనే ప్లాన్ గీసింది, అక్కడ మా అత్తయ్యకీ ఆమెకీ దోస్తీ కుదిరింది.

ఒకే మొక్కని ఒకచోట గుంపుగా పెట్టి వదిలెయ్యలేదు. తంగేడు ఇక్కడ మూడు, అక్కడ ఒకటి, మళ్లీ చివర రెండు, అలా కన్ను వెంట నడుస్తూ పోతుంది. యూరప్‌లో చదరపు మీటరుకి ఏడు నుంచి తొమ్మిది మొక్కలు పెడతారు, మన దగ్గర వాన పడ్డాక పెరుగుదల వేరు కాబట్టి సగమే పెట్టారు. నాటిన రోజు అంతా బోసిగా ఉందని నేను కంగారు పడ్డా, మధ్యలో బంతి నారు పోయించి ఆ ఏడాదికి నింపారు. ఇంకొకటి నాకు భలే ఉపయోగపడింది. ఫోన్‌లో తోట ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో చూడమంది. రంగు తీసేస్తే ఏవి నిలువు గీతలు, ఏవి గుండ్రం, ఎక్కడ అంతా ఒకే ముద్దలా ఉంది అనేది ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఇప్పుడు ఎవరి తోటకెళ్లినా నేను ఇదే పని చేస్తున్నా.

ఈ మొక్కలు నర్సరీల్లో దొరకవు. కడియం వెళ్లినా క్రోటన్లు, పామ్‌లు, రంగురంగుల గులాబీలు కావలసినన్ని ఉంటాయి కానీ వెంపలి నారు కావాలంటే నవ్వుతారు. వీళ్లు కొండవీడు వైపు దారుల పక్కన గింజలు ఏరుకొచ్చి సొంతంగా నారు పోసుకుంటారు. తంగేడు గింజ పెంకు గట్టిది, వేడినీళ్లలో నానబెట్టాలి, వేరు లోతుకి పోయే రకం కాబట్టి బాగా చిన్నప్పుడే నాటెయ్యాలి, పెద్ద కవర్లో పెంచి పెట్టామంటే కుదురుకోదు. ఇదంతా ఓపిగ్గా చెప్తారు.

మొదటి వానలకి కంకర మధ్య ఆరుద్ర పురుగులు కనిపించాయి, పక్కింటి పిల్లలు అవేంటో తెలీక పరిగెత్తుకొచ్చారు. శ్రావణానికి వట్టివేరు మోకాళ్లు దాటింది. విష్ణుక్రాంత నీలం పొద్దున్నే చూడాలి, ఎండ ముదిరితే ముడుచుకుంటుంది. వినాయక చవితికి పత్రి కోసం ఏటా బజారుకెళ్లి, ఏ ఆకో తెలీని కట్ట ఒకటి తెచ్చుకునేవాళ్లం. 2024 చవితికి వావిలి, మరువం, విష్ణుక్రాంత, జిల్లేడు, గరిక, తులసి, ఉత్తరేణి మా ఇంట్లోవే. ఉత్తరేణి ఎవరూ పెట్టలేదు, అదే మొలిచింది, పత్రి అయ్యేదాకా ఉంచి తర్వాత పీకేయండి, బట్టలకి అంటుకుంటుంది అని ఆమే చెప్పింది.

నాకైతే ఈ తోటలో అన్నిటికన్నా ఇష్టమైన రోజులు భాద్రపదం చివరి నుంచి దీపావళి దాకా. గునుగు కంకులు కింద గులాబీ, పైన వెండి, సాయంత్రం ఎండ పడమట నుంచి వట్టివేరు గుండా వచ్చి వాటి వెనక పడుతుంది. తెలంగాణ వాళ్లు బతుకమ్మకి వాడేది ఈ గునుగే, తంగేడే. మన వైపు గునుగుని మినుము చేలో కలుపుగానే చూస్తారు, నాటించుకున్నామని చెబితే మా ఊరి రైతు ఒకాయన నమ్మలేదు. తెల్లవారుజామున పారిజాతం రాలి ఉంటుంది. తంగేడు మీద లేత పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టాయి, జిల్లేడు మీద నారింజ రంగువి. ఆకులు తినేస్తున్నాయని మందు కొట్టబోయిన కుర్రాణ్ని ఆపమని ఆమె ఫోన్ చేసి మరీ చెప్పింది. తిన్న ఆకులు పదిహేను రోజుల్లో మళ్లీ వచ్చేశాయి.

తుఫాను పరీక్ష మొదటి ఏడాదే జరిగింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, గుంటూరులో మాకు గాలీ వానా రెండూ దంచేశాయి. గునుగు సగం పడిపోయింది. వట్టివేరు ఒరిగి రెండు రోజుల్లో లేచింది. మా వీధిలో బాటిల్ పామ్ ఒకటి కూలింది. 2024 ఆగస్టు ఆఖరున విజయవాడని బుడమేరు ముంచినప్పుడు ఇక్కడ కూడా కుండపోత, వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. మిట్టల మీదున్న మొక్కలకి ఏమీ కాలేదు, పల్లంలో పెట్టిన దవనం మొత్తం కుళ్లిపోయింది. దాన్ని అక్కడ పెట్టకుండా ఉండాల్సింది, ఆమెకీ ఆ మాట చెప్పాను, ఒప్పుకుని ఆ చోట వాన లిల్లీలు పెట్టించింది.

ఇప్పుడు ఆ అయిదో స్టారు సంగతి. డిజైన్ చేసేది ఆమె, నాటేటప్పుడు దగ్గరుండేది ఆమె, తర్వాత నెలనెలా వచ్చేది మాత్రం వేరే కుర్రాళ్లు. 2024 సంక్రాంతికి ముందు మేం ఊళ్లో లేనప్పుడు వచ్చి, పండక్కి శుభ్రంగా ఉంటుందని బ్రష్ కట్టర్‌తో తోట మొత్తం నేలమట్టం చేసి వెళ్లారు. డిసెంబరు పూలు నిండుగా పూస్తున్నాయి, వాటితో సహా కోసేశారు. గునుగు గింజ ఇంకా రాలలేదు, కంకులన్నీ మూటకట్టి బయట పారేశారు. మేం వచ్చి చూస్తే కంకర మీద కోసిన మొదళ్లు తప్ప ఏమీ లేవు. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికేముంది.

నష్టం కంటికి కనిపించిన దానికన్నా ఎక్కువ జరిగింది. ఎండు గడ్డి నీడ లేకపోయేసరికి ఫిబ్రవరి నుంచే నేలకి ఎండ తగిలి, నీళ్లు పెట్టిన చోటల్లా తుంగ మళ్లీ లేచింది. తర్వాతి వానలకి గునుగు పల్చగా అక్కడక్కడా మొలిచింది. ఆ వేసవి మాకు చూడ్డానికి ఏమీ మిగల్లేదు, ఎండు కాడలు నిలబడి ఉంటేనే కదా వేసవి తోట. ఆమె వెంటనే వచ్చింది, సాకులు చెప్పలేదు, గింజలు మళ్లీ చల్లించింది, తుంగ తీయించింది, మూడు నెలల డబ్బు తీసుకోలేదు. కానీ వాట్సాప్‌లో పెట్టిన మెసేజీకి జవాబు రావడానికి రోజులు పట్టేది, పని పెరిగిపోయి మనుషులు చాలడం లేదని తెలుస్తూనే ఉంది. ఇలాంటి తోటకి కోసే మనిషే అసలు మనిషి. లాన్ ఒకరోజు ఎక్కువ కోసేస్తే వారంలో వస్తుంది, ఇది తప్పు నెలలో కోస్తే ఏడాది పోతుంది. ఆ తర్వాత నుంచి ప్లాన్ కాగితం లామినేషన్ చేయించి గేటు లోపల తగిలించాం, ఆమె ఫోన్ చేసి చెబితే తప్ప కట్టర్ లోపలికి రాకూడదని మాట తీసుకున్నాం.

చిన్నది ఇంకొకటి. తంగేడు అని పెట్టిన వాటిలో ఒకటి ఏపుగా తలెత్తు దాటి పోతుంటే అనుమానమొచ్చి అడిగాం, చూస్తే అది రోడ్ల పక్కన పెంచే సీమ తంగేడు. నారు దగ్గర కలిసిపోయిందట. తీసేసి వేరేది పెట్టారు, డబ్బు అడగలేదు.

2025 వేసవి వచ్చేసరికి ఆమె మొదట అడిగిన ప్రశ్నకి అర్థం తెలిసింది. సంక్రాంతికి ఏమీ కోయలేదు. ఎండిన కాడలు భోగి మంటకి ఇచ్చేద్దామని అత్తయ్య అంటే ఆ అమ్మాయి ఆమె పక్కన కూర్చుని, "మామ్మగారూ, వీటిలో గింజ ఉంది, పిచ్చుకలు తింటాయి, మిగిలింది రాలి మళ్లీ మొలుస్తుంది, మీకు భోగికి నేను వేపకట్టెలు పంపిస్తాను" అని ఒప్పించింది, కట్టెలు పంపింది కూడా. మాఘంలో వట్టివేరు చివర్ల నుంచి పసుపెక్కడం మొదలైంది. ఫాల్గుణంలో వీధి చివర కానుగ ఆకు రాల్చి కొత్త చిగురేసింది, మా తోటలో వావిలి చిగురేసింది, చుక్క వాన లేకుండా ఇవన్నీ ఎలా చిగురిస్తాయో ఏటా వింతే. ఉగాదికి గడ్డంతా గోధుమ రంగు. మే నెల మధ్యాహ్నం ఎండలో బయట అడుగుపెట్టలేం, కానీ పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఏడింటికి ఆ ఎండుగడ్డి మధ్యలో పచ్చగా తంగేడు, దాని మీద నాలుగు పసుపు పూలు, ముళ్లగోరింట నారింజ రంగు. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు, మా మిట్టల మీద మాత్రం నెర్రెలు కనపడలేదు, గడ్డి నీడ, కంకర రెండూ కలిసి మట్టిని కాపాడాయి. నీళ్లు పదిరోజులకోసారి, మొదళ్లలో మాత్రమే. లాన్ రోజుల్లో మోటారు వేసిన కరెంటు బిల్లుతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా.

రోహిణి చివర్లో ఆమె స్వయంగా వచ్చి కొడవళ్లతో కోయించింది, వట్టివేరు జానెడు వదిలి, తంగేడు, డిసెంబరు పూల పొదలు కొమ్మ చివర్లు మాత్రమే. కోసిన గడ్డి ముక్కలు చేసి అక్కడే మొక్కల మధ్య పరిచారు. మృగశిర వానలు పడ్డ వారానికే పచ్చ మొలకలు.

అందరూ అడిగేది పాముల గురించి. ఇంటి గోడకి మూడడుగుల దూరం వరకు గడ్డి లేకుండా కంకర పట్టీ వదిలారు, బాట వెడల్పుగా పెట్టి లైటు వేయించారు, ఎక్కడా చెత్త కుప్ప ఉంచరు. వానాకాలంలో ఒకసారి నీరుకట్టు కనిపించింది, విషం లేనిది, అది కాలవ నుంచి లాన్ రోజుల్లో కూడా వచ్చేది. చిన్నపిల్లలు నేలమీద ఆడే ఇల్లయితే ఆమెకి ముందే చెప్పండి, పొడుగు గడ్డి ఇంటికి దూరంగా జరుపుతుంది. వీధిలో వాళ్లు పిచ్చిమొక్కలు పెంచుతున్నారని మొదట్లో అన్నారు. ముందు వైపు ఇటుకలతో తీరుగా అంచు కట్టి, బాట రోజూ ఊడ్చి ఉంచితే ఆ మాట తగ్గింది. అంచు శుభ్రంగా ఉంటే లోపల ఎంత అడవిలా ఉన్నా కావాలనే పెంచారని జనానికి తెలుస్తుంది. ఇది కూడా ఆమె ప్లాన్‌లో భాగమే, ఖర్చు ఎక్కువని మేం ఇటుక అంచు వద్దంటే అదొక్కటి తగ్గించనని పట్టుబట్టింది.

డబ్బు లెక్క: డిజైన్‌కి రూ. 8,000, మట్టి పని, తుంగ తీయడం, మొక్కలు, కంకర, ఇటుక అంచు అన్నీ కలిపి ఇంకో రూ. 95,000 చిల్లర. మెయింటెనెన్స్ నెలకి రూ. 2,500 అడుగుతారు. మేం ఇప్పుడు నెలవారీ మానేసి ఏడాదికి నాలుగు సార్లు ఆమే వచ్చేలా మాట్లాడుకున్నాం: మృగశిరకి ముందు కోత, శ్రావణంలో కలుపు, తుఫాన్లు అయ్యాక ఒకసారి, మాఘంలో చూపు. మీరూ అలాగే మాట్లాడుకోండి, కోత ఏ నెలలో, ఎవరు దగ్గరుండి చేయిస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఫ్లాట్ బాల్కనీకి వీళ్లు చెయ్యరు, కుండీల్లో ఈ మొక్కలు నిలవవని సూటిగా చెప్పేస్తారు. పూజకి రోజూ బుట్టెడు పూలు కావాలంటే నందివర్ధనం, గన్నేరు, మందారం విడిగా వంటింటి వైపు వరసగా పెట్టించుకోండి, మాకు అలాగే చేశారు, ఆ వరసకి మాత్రం రోజూ నీళ్లు కావాలి. పిలిచేవాళ్లు మార్చిలోనే ఫోన్ చెయ్యండి. ఏప్రిల్, మేలో మట్టి పని, తుంగ పని అయితే తొలకరికి నాటొచ్చు. జూలైలో ఫోన్ చేస్తే వచ్చే ఏడాదికి రమ్మంటారు, మా తోడికోడలికి అలాగే చెప్పారు.